డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సులకు నిరంతర శిక్షణ: ఏడాదికోసారి క్లాసుతో పని జరగడం లేదు, ఏం మార్చాలి?

వార్డ్ ఇన్‌చార్జ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది 30 పడకల మెడికల్ వార్డు. మూడు షిఫ్టులు, 22 మంది స్టాఫ్. కొత్తగా చేరినవాళ్లూ ఉన్నారు, 20 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇక్కడ నిరంతర శిక్షణ అంటే ఏడాదికోసారి రోజంతా హాల్లో కూర్చోబెట్టి ఏడెనిమిది టాపిక్కుల మీద స్లైడ్లు చూపించడం, సాయంత్రం 20 ప్రశ్నల పేపరు, ఆ తర్వాత సర్టిఫికెట్. పేపర్లో దాదాపు అందరూ పాసవుతారు. మంచం దగ్గరికొచ్చేసరికి ఆ చదువు జాడే ఉండదు. అబ్జర్వేషన్ చార్టులు తిరగేస్తే శ్వాస రేటు గడిలో పొద్దునా 20, మధ్యాహ్నమూ 20, రాత్రీ 20. ఇన్‌ఫ్యూజన్ రేటు (సిరలోకి మందు ఎక్కే వేగం) లెక్క కట్టమంటే చాలామంది పక్కవాళ్ల వైపు చూస్తారు. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ ఒత్తి ఊపిరి ఇవ్వడం) సాధన బొమ్మను ముట్టుకుని ఏడాది దాటినవాళ్లే ఎక్కువ.

పద్ధతి మార్చడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. డ్యూటీ మధ్యలో దొరికేది మాత్రం 15 నుంచి 20 నిమిషాలే. టాపిక్కులు దేన్నిబట్టి ఎంచుకోవాలి? అంత తక్కువ టైములో ఏం చేయించాలి? హాజరు సంతకం కాకుండా, నిజంగా నేర్చుకున్నారని ఎలా తేల్చుకోవాలి? మందుల లెక్కలకూ సీపీఆర్‌కూ ఏ పద్ధతి పనిచేస్తుందో విడిగా చెబితే ఇంకా మేలు. స్లైడ్లు పంపకండి, అవి కావలసినన్ని ఉన్నాయి.

నర్స్ ఎడ్యుకేటర్

సిస్టర్, అన్నిటికన్నా ముందు ఆ 20 దగ్గర ఆగండి. పెద్దవాళ్లకు మామూలు శ్వాస రేటు 12 నుంచి 20 అని తెలియక ఎవరూ అలా రాయరు. పేపర్లో అడిగితే అందరూ సరిగ్గానే రాస్తారు. బీపీ మిషను పట్టీ కట్టి వేలికి క్లిప్పు పెడితే బీపీ, పల్సు, ఆక్సిజన్ శాతం తెర మీద పడతాయి. శ్వాస రేటు ఒక్కటే మనిషి నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఎనిమిది మంది రోగుల అబ్జర్వేషన్లు అరగంటలో ముగించాల్సిన చోట ఎగిరిపోయేది ఆ నిమిషమే.

అందుకే ఏ టాపిక్కు తీసుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: తెలియక చేయడం లేదా, తెలిసినా చేతికి రాక చేయడం లేదా, చేతనైనా వీలు లేక చేయడం లేదా? తెలియకపోతే చదివిస్తే చాలు. చేతికి రాకపోతే సాధన చేయించాలి. వీలు లేకపోతే క్లాసు పెట్టడం వృథా. సెకన్ల ముల్లున్న గడియారం మంచం నుంచి కనబడేలా గోడకు పెట్టించడం, పనుల వరుస మార్చడం లాంటివి చూడాలి. వీలు లేనిచోట మళ్లీ మళ్లీ క్లాసు పెడితే శిక్షణ అంటేనే స్టాఫ్‌కు విసుగొస్తుంది.

టాపిక్కుల కోసం మూడు చోట్ల వెతకండి. గత మూడు నెలల ఇన్సిడెంట్ రిపోర్టులు, ఏరకుండా చేతికందినవి తీసిన 20 కేసు షీట్లు, వార్డుకు కొత్తగా వచ్చిన పరికరాలు లేదా మందులు. స్టాఫ్‌ను కూడా అడగండి, కానీ ఆ జాబితా ఒక్కదాని మీదే నడవకండి. అడిగితే ఈసీజీ కావాలంటారు, వెంటిలేటర్ కావాలంటారు. రోజూ చేస్తూ తప్పుపోతున్న పనిని మాకు నేర్పండని ఎవరూ అడగరు, అది తప్పుపోతోందని వాళ్లకు తెలియదు కాబట్టి.

15 నిమిషాల్లో ఒక్క పనే పెట్టండి. శ్వాస రేటునే తీసుకుందాం. నలుగురిని పిలవండి. మొదటి రెండు నిమిషాల్లో ఈ రోగిని కాగితం మీద ఇవ్వండి: శ్వాస రేటు 26, గదిగాలి మీద ఆక్సిజన్ 95 శాతం, పల్సు 104, పై బీపీ 112, జ్వరం 38.2 సెల్సియస్, మెలకువగా మాట్లాడుతున్నారు. న్యూస్‌2 స్కోరు (రోగి ఎంత ప్రమాదంలో ఉన్నారో అబ్జర్వేషన్లను బట్టి చెప్పే అంకె) వేయించండి. శ్వాసకు 3, ఆక్సిజన్‌కు 1, పల్సుకు 1, బీపీకి 0, జ్వరానికి 1, మెలకువకు 0. మొత్తం 6. అంటే డాక్టరును అర్జెంటుగా పిలవాలి, కనీసం గంటకోసారి అబ్జర్వేషన్ చేయాలి. ఇప్పుడు అదే రోగికి శ్వాస రేటు గడిలో 20 పెట్టించండి. స్కోరు 3కి పడిపోతుంది. నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత మళ్లీ చూడొచ్చని చార్టే చెబుతుంది. రోగి అదే మనిషి, మారింది ఒక్క గడి. ఇంత చూశాక ఉపన్యాసం అక్కర్లేదు.

తర్వాత ఇద్దరిద్దరుగా ఒకే రోగి దగ్గర నిమిషం నిండా లెక్కపెట్టి ఎవరికి వారు రాసుకోవాలి. ఇద్దరి అంకెల మధ్య తేడా 2 కన్నా ఎక్కువుంటే మళ్లీ లెక్క. పల్సు చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే లెక్కపెట్టమనండి. శ్వాస చూస్తున్నారని తెలిస్తే రోగికి తెలియకుండానే దాని తీరు మారిపోతుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటును ఇక్కడే మాన్పించాలి. ఒక్క శ్వాస తప్పితే లెక్కలో నాలుగు తప్పుతాయి.

పరికరం నేర్పేటప్పుడు, అంటే పంపు అమర్చడం, ట్రాకియాస్టమీ సక్షన్ (గొంతుకు పెట్టిన రంధ్రంలోని ట్యూబు నుంచి కఫం లాగడం) లాంటివాటికి, నాలుగు అంచెల పద్ధతి బాగా పనిచేస్తుంది. మొదట మామూలు వేగంతో మాట్లాడకుండా చేసి చూపాలి. రెండోసారి ఒక్కో అడుగూ ఎందుకో చెబుతూ నిదానంగా చేయాలి. మూడోసారి నేర్చుకునేవాళ్లు చెబుతుంటే మీ చేతులు చేయాలి. నాలుగోసారి వాళ్లే చెబుతూ వాళ్లే చేయాలి. టైము లేదని చాలాచోట్ల మూడో అంచె ఎగరగొడతారు. నిజానికి ఎవరికి ఏ అడుగు ఎందుకో అర్థం కాలేదో బయటపడేది అక్కడే. వాళ్లు తప్పు చెప్పినా వెంటనే సరిదిద్దకండి. ప్రమాదం లేని పనైతే చెప్పినట్టే చేసి చూపండి, తప్పు ఎక్కడ తేలుతుందో వాళ్లకే కనబడుతుంది.

ఇన్‌ఫ్యూజన్ పంపు

లెక్కల సంగతి నేను చెబుతాను. సూత్రం బట్టీ పట్టించకండి, నెలలోపే మరచిపోతారు. దారి నేర్పండి. ఆర్డరు ఏ కొలతలో ఉంది, సిరంజిలో ఒక్క మిల్లీలీటరులో ఎంత మందు ఉంది, పంపు ఏ కొలత అడుగుతోంది. ఎప్పుడూ ఈ మూడే ప్రశ్నలు, ఇదే వరుసలో.

నార్‌అడ్రినలిన్ (పడిపోయిన బీపీని పెంచే మందు) 4 మి.గ్రా. మొత్తం 50 మి.లీ.లో ఉందనుకోండి. 4 మి.గ్రా. అంటే 4000 మైక్రోగ్రాములు. 50తో భాగిస్తే ఒక్కో మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. రోగి 75 కిలోలు, ఆర్డరు కిలోకు నిమిషానికి 0.08 మైక్రోగ్రాములు. 0.08ని 75తో గుణిస్తే నిమిషానికి 6. దాన్ని 60తో గుణిస్తే గంటకు 360. 360ని 80తో భాగిస్తే గంటకు 4.5 మి.లీ. పంపు మీద పెట్టాల్సింది ఇదే.

నేర్పే మొదట్లో 60 కిలోల రోగిని మాత్రం ఉదాహరణగా ఇవ్వకండి. బరువు 60, నిమిషాలు 60 పక్కపక్కన వస్తే ఒకసారి గుణించేశాం కదా అని రెండోది వదిలేస్తారు. అప్పుడు జవాబు 60 రెట్లు తగ్గిపోతుంది. 52, 75, 90 లాంటి బరువులు ఇస్తే ఏ అంకె ఎక్కడిదో కళ్ల ముందు ఉంటుంది. దారి గట్టిపడ్డాక 60 కిలోలు ఇచ్చి పరీక్షించండి.

కాలిక్యులేటర్ ముట్టుకునేముందు అందాజుగా జవాబు ఎంత రావాలో కాగితం మీద రాయించండి. నాలుగైదు రావాల్సిన చోట 45 వచ్చినా 0.45 వచ్చినా చెయ్యి అక్కడే ఆగాలి. దశాంశ బిందువు తప్పులు, మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య వెయ్యి రెట్ల తప్పులు పట్టుబడేది ఎక్కువగా ఇక్కడే. ఇంకొకటి, లెక్క ఎప్పుడూ మీ వార్డులో వాడే ఆంప్యూల్ లేబుల్ నుంచే చేయించండి. నార్‌అడ్రినలిన్ టార్ట్రేట్ 2 మి.గ్రా.లో ఉండే అసలు నార్‌అడ్రినలిన్ 1 మి.గ్రా. మాత్రమే. లేబుల్ మీద రాసింది ఉప్పు రూపం బరువా, అసలు మందు బరువా అన్నది చూడకపోతే మోతాదు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది.

క్లాసు లేకుండా రోజూ నడిచే సాధన ఒకటుంది. షిఫ్టు మారేటప్పుడు వచ్చే నర్సు ప్రతి పంపు దగ్గరా తిరుగు లెక్క కట్టాలి. పంపు 4.5 చూపిస్తోంది. 80తో గుణిస్తే 360. 60తో భాగిస్తే 6. 75తో భాగిస్తే 0.08. అది ఆర్డరుతో సరిపోవాలి. ఒక్కో పంపుకు నిమిషం పట్టదు. లెక్క చేతిలో నిలబడుతుంది, పాత షిఫ్టు తప్పు కూడా దొరుకుతుంది.

చుక్కల సెట్టు వాడే చోట అడిగే లెక్క ఇది: 500 మి.లీ. 8 గంటల్లో పోవాలి. గంటకు 62.5 మి.లీ. మి.లీ.కి 20 చుక్కల సెట్టయితే 62.5 గుణించి 20, భాగించి 60, అంటే నిమిషానికి 21 చుక్కలు. 60 చుక్కల మైక్రో సెట్టయితే గంటకు ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్ని చుక్కలు. తప్పు జరిగేది గుణకారంలో కాదు. చుక్కల సంఖ్య ప్యాకెట్ మీద ఉంటుంది, ప్యాకెట్ చింపి పారేశాక సెట్టు ఏదో గుర్తుండదు. చింపకముందే చదివి చార్టులో రాయడాన్ని చెక్‌లిస్టులో తప్పనిసరి అడుగుగా పెట్టండి.

పొటాషియం క్లోరైడ్‌కు మాత్రం విడిగా ఒక సెషన్ కేటాయించండి. 15 శాతం ఆంప్యూల్ 10 మి.లీ.లో దాదాపు 20 మిల్లీమోల్స్ ఉంటాయి. పలచన చేయకుండా సిరలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు. చేతి సిరలో మామూలుగా గంటకు 10 మిల్లీమోల్స్, లీటరుకు 40 మిల్లీమోల్స్ దాటనివ్వరు. ఇదంతా అందరికీ నోటికొస్తుంది. తెలియనిది ఏమిటంటే, వేలాడుతున్న సంచిలోకి ఆంప్యూల్ ఎక్కించి కలపకుండా వదిలేస్తే గాఢమైన ద్రవం బరువుగా ఉండి అడుగున, సరిగ్గా ట్యూబు మొదలయ్యే చోటే పేరుకుంటుంది. మొదటి కొన్ని నిమిషాల్లో రోగికి వెళ్లేది ఆ గాఢమైన మందే. దీన్ని మాటల్లో చెప్పకండి. గాఢమైన ఉప్పు నీళ్లలో రంగు కలిపి, గడువు తీరిన సెలైన్ సంచి ఒకటి వేలాడదీసి, కింది పోర్టు నుంచి ఎక్కించి చూపండి. అడుగున రంగు పొరలా నిలుస్తుంది. అప్పుడు సంచిని దించి కనీసం 10 సార్లు తలకిందులు చేసి కలపండి. పని కాగానే ఆ సంచిని అక్కడే కత్తిరించి పారేయండి.

ఇన్సులిన్‌కు ఒక్క ముక్క చాలు. మి.లీ.కి 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజితో 10 గీత దాకా తీస్తే వచ్చేది 10 యూనిట్లు కాదు, 25. రెండు రకాల సిరంజిలూ బల్ల మీద పెట్టి నీళ్లతో తీయించి, ఎన్ని యూనిట్లు వచ్చాయో చెప్పించండి.

సీపీఆర్ ట్రైనర్

సీపీఆర్ చేతిలో నిలవాలంటే వ్యవధి తగ్గించండి, తరచుదనం పెంచండి. ఏడాదికోసారి నాలుగు గంటలు చేసినా మూడు నుంచి ఆరు నెలల్లో ఒత్తే లోతూ వేగమూ జారిపోతాయి. బొమ్మను వార్డులోనే ఒక మూల పెట్టి, మూడు నెలలకోసారి ప్రతి ఒక్కరితో ఐదు నిమిషాలు చేయిస్తే చాలా మేలు. లోతు, వేగం చూపించే బొమ్మ ఉంటే మరీ మంచిది. లేకపోతే ఫోన్లో మెట్రోనోమ్ (తాళంలా టిక్‌టిక్ మనే యాప్) నిమిషానికి 110కి పెట్టి, పక్కన ఒకరు చెక్‌లిస్టు పట్టుకుంటే సరిపోతుంది.

అంకెలు అందరికీ తెలిసినవే. నిమిషానికి 100 నుంచి 120, లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకూడదు, ఒత్తిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి, 30 ఒత్తులకు 2 ఊపిరులు, ఆపితే 10 సెకన్ల లోపే. చెక్‌లిస్టు పట్టుకున్నవాళ్లు చూడాల్సింది ఈ అంకెలు ఎందుకు తప్పుతున్నాయో.

వేగం 120 దాటిన కొద్దీ లోతు తగ్గుతుంది. గాభరాలో అందరూ వేగం పెంచుతారు, అందుకే మెట్రోనోమ్. రెండోది, అలసిపోయాక ఛాతీ మీద వాలిపోవడం. చేతులు పైకి లేచినట్టే కనబడతాయి, కానీ బరువు ఇంకా ఛాతీ మీదే ఉంటుంది, గుండెలోకి రక్తం తిరిగి నిండదు. పక్కనుంచి అరచేతి అడుగుభాగాన్ని కనిపెట్టి చూడాలి. తాను అలసిపోయానని ఒత్తేవాళ్లకు తెలియదు, కాబట్టి ‘ఇంకా చేయగలను’ అన్నా రెండు నిమిషాలకు మనిషిని మార్చాల్సిందే. మూడోది మంచం ఎత్తు. ఒత్తేవాళ్ల భుజాలు నేరుగా చేతుల పైకి రాకపోతే మోచేతులు వంగుతాయి. పొట్టివాళ్లకు స్టూలు ఎక్కడుందో తెలియాలి.

నాలుగోది గాలి పరుపు. మీరు మెడికల్ వార్డు అన్నారు కాబట్టి పుండ్లు పడకుండా గాలి పరుపులు ఉండే ఉంటాయి. దాని సీపీఆర్ వాల్వు (గాలి వెంటనే వదిలేసేది) ఎక్కడుందో, ఎటు లాగాలో ప్రతి ఒక్కరి చేతా తీయించండి. గట్టి పలక వీపు కింద పెట్టడానికి ఒత్తడం ఎంతసేపు ఆపుతున్నారో కూడా గడియారం పెట్టి చూడండి.

బ్యాగుతో ఊపిరి ఇచ్చేటప్పుడు జరిగే తప్పు ఎప్పుడూ ఎక్కువ ఇవ్వడమే. ఒక్కో ఊపిరి ఒక సెకను, ఛాతీ కాస్త లేచేదాకా. పెద్ద బ్యాగును పూర్తిగా పిండేయకూడదు. శ్వాసనాళంలోకి ట్యూబు వేశాక ఆరు సెకన్లకు ఒకటి. గబగబా పిండితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గుతుంది, అంటే పక్కన ఒత్తేవాళ్ల శ్రమ నీరుగారిపోతుంది. ఈ కారణం చెబితేనే చెయ్యి నెమ్మదిస్తుంది. మాస్కు సరిగ్గా అతుక్కోని చోట ఇద్దరు కావాలి: ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టాలి, ఇంకొకరు పిండాలి.

అడ్రినలిన్ 1 మి.గ్రా. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. మీ ఎమర్జెన్సీ ట్రాలీలో ఉన్నది 1 మి.లీ. ఆంప్యూలా, 10 మి.లీ. నింపిన సిరంజా అన్నది ముందే తెరిచి చూపండి. రెండింటిలోనూ ఉండేది 1 మి.గ్రా.యే కావచ్చు, చూపుకు మాత్రం పదింతల తేడా. ఎక్కించాక 20 మి.లీ. సెలైన్‌తో తోసి చెయ్యి పైకెత్తాలి.

వార్డ్ ఇన్‌చార్జ్

చాలా ఉపయోగపడే జవాబులు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సందేహాలు. రాత్రి డ్యూటీ వాళ్లకు పగలు రమ్మని చెప్పడం అన్యాయం అనిపిస్తోంది, వాళ్లకు ఏ టైములో పెట్టాలి? సీనియర్లను జూనియర్ల ముందు పరీక్షిస్తే నొచ్చుకుంటారు. రికార్డు ఎలా రాస్తే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కూ ఆడిట్‌కూ పనికొస్తుంది?

నర్స్ ఎడ్యుకేటర్

రాత్రి డ్యూటీ దిగినవాళ్లను క్లాసుకు ఆపకండి, సిస్టర్. నిద్ర లేని బుర్రకు ఏమీ ఎక్కదు, ఇంటికెళ్లే దారిలో ప్రమాదం కూడా. రాత్రి షిఫ్టులోనే, మొదటి రౌండు మందులూ అబ్జర్వేషన్లూ అయ్యాక పెట్టండి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలప్పుడు వద్దు, ఒళ్లు పూర్తిగా వాలిపోయే సమయం అది. రాత్రి టీములోంచే ఒకరికి ముందుగా నేర్పి వాళ్ల చేతే చేయించండి. ఒకే సెషన్‌ను రెండు వారాల పాటు ప్రతి షిఫ్టులో మూడు నాలుగు సార్లు తిప్పితే సెలవులు, వీక్లీ ఆఫ్‌లు పోయినా అందరికీ అందుతుంది. నలుగురు సాధనలో ఉన్నంతసేపు వాళ్ల రోగుల కాల్ బెల్ ఎవరు చూస్తారో పేరుతో సహా బోర్డు మీద రాయండి. ఇది లేకపోతే మూడో నిమిషానికే ఇద్దరు లేచి వెళ్తారు.

సీనియర్లకు చెక్‌లిస్టు పట్టుకునే బాధ్యత ఇవ్వండి, కానీ అదే చెక్‌లిస్టు ముందు వాళ్లు పూర్తి చేయాలి, విడిగా, మీ దగ్గర. మొట్టమొదట మీరే అందరి ముందూ చేసి చూపండి. ఎవరిదైనా తప్పు కనబడితే అడుగు పేరు చెప్పి సరిదిద్దండి, మనిషి పేరు చెప్పి కాదు. చెక్‌లిస్టు పొడుగ్గా ఉండకూడదు. ఎనిమిది, పది అడుగులు, అందులో రెండు మూడింటికి నక్షత్రం గుర్తు. నక్షత్రమున్న అడుగు తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా మళ్లీ చేయాల్సిందే. 80 శాతం వస్తే పాసు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. రోగి పేరు సరిచూడకుండా మిగతా తొమ్మిది అడుగులు చక్కగా చేస్తే అది 90 శాతం కాదు.

నేర్చుకున్నారా అన్నదాన్ని నాలుగు మెట్లుగా చూడండి. కిర్క్‌పాట్రిక్ 1959లో పెట్టిన పద్ధతి, ఇప్పటికీ ఇదే ఎక్కువ వాడుకలో ఉంది. క్లాసు నచ్చిందా, విషయం తెలిసిందా, మంచం దగ్గర చేస్తున్నారా, రోగికి మేలు జరిగిందా. మనం నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మీకు కావలసింది మూడోది. ఆరు వారాల తర్వాత 20 చార్టులు తీసి శ్వాస రేటు అంకెలు వరుసగా రాయండి. నిజంగా నిమిషం నిండా లెక్కపెడుతుంటే 14, 17, 19, 23 ఇలా సరి, బేసి అన్నీ కనబడతాయి. అన్నీ సరిసంఖ్యలైతే అరనిమిషం చూసి రెట్టింపు చేస్తున్నారు. 16, 20, 24 మాత్రమే ఉంటే పావు నిమిషం లెక్క. అన్నీ 20 అయితే ఎవరూ చూడటం లేదు. ఎవరినీ నిలదీయక్కర్లేదు, ఆ వరుస కాగితం నోటీసు బోర్డుకు పెట్టండి, పేర్లు లేకుండా.

మధ్యలో గుర్తుచేయడం కూడా ఉండాలి. సెషన్ అయిన రెండు వారాలకు మూడు ప్రశ్నలు, రెండు నెలలకు ఇంకో మూడు, పుస్తకం చూడకుండా. మార్కుల కోసం కాదు. మరచిపోబోతున్నదాన్ని బుర్రలోంచి తవ్వి తీయడం వల్లే అది గట్టిపడుతుంది, మళ్లీ చదివించడం వల్ల అంత గట్టిపడదు. ప్రశ్న ఎప్పుడూ పరిస్థితిగా ఇవ్వండి. ‘శ్వాస రేటు ఎంత?’ అని కాకుండా ‘స్కోరు 6 వచ్చింది, డాక్టరుకు ఫోన్లో మొదట ఏం చెబుతారు?’ అని అడగండి.

రికార్డుకు మనిషికో పేజీ. తేదీ, టాపిక్కు, నిమిషాలు, చేతితో ఏం చేశారు, ఎవరు చూశారు, ఫలితం, మళ్లీ ఎప్పుడు చేయాలి. ఫలితం గడిలో మూడే మాటలు: సొంతంగా చేశారు, సాయంతో చేశారు, మళ్లీ చేయాలి. హాజరు వేరు, చేతనవడం వేరు. రెన్యువల్‌కు గంటలు లెక్కకొస్తాయి కాబట్టి నిమిషాలు కచ్చితంగా రాయండి. 15 నిమిషాల సెషన్లు నాలుగైతే గంట, దాన్ని మీ నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకునేదీ లేనిదీ సెషన్లు మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. దాని కింద నర్సు సొంత మాటల్లో మూడు వాక్యాలు: ఇంతకుముందు ఎలా చేసేదాన్ని, ఏం మార్చుకున్నాను, ఎక్కడ వాడాను. రోగి పేరు, ఐపీ నంబరు అందులో రాయనివ్వకండి.

సిమ్యులేషన్ ల్యాబ్

పైన చెప్పినవాటితో ఒప్పుకుంటాను, ఒక్క మాట మాత్రం కలపాలి. ఏడాదికోసారి రోజంతా పెట్టే శిక్షణను పూర్తిగా ఎత్తేయకండి. అందులోంచి స్లైడ్లు తీసేయండి, అవి ఆన్‌లైన్‌లో ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చదువుకోవచ్చు. ఆ రోజును టీము పనికి ఇవ్వండి. 15 నిమిషాల సెషన్లలో ఒక్కో మనిషి చెయ్యి సరి అవుతుంది. నలుగురు కలిసి పనిచేసేటప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో గట్టిగా చెప్పుకోవడం, ఆర్డరు విన్నవాళ్లు తిరిగి పలకడం, సందేహం వస్తే డాక్టరును ఆపి అడగడం, ఇవి వేరే విద్య, వీటికి తీరిక కావాలి. సన్నివేశం (నిజం ఎమర్జెన్సీలా నటించి చేసే సాధన) 10 నిమిషాలు నడిస్తే దాని గురించి మాట్లాడుకోవడానికి కనీసం 20 నిమిషాలు ఉంచండి. మాట్లాడేటప్పుడు ‘ఎందుకు అలా చేశావు’ అని మొదలుపెడితే వెంటనే సమర్థించుకుంటారు. ‘బీపీ పడిపోయింది, ఆ తర్వాత రెండు నిమిషాలకు ఫోన్ చేశారు, ఆ మధ్యలో మీరేం అనుకుంటున్నారు?’ అని అడగండి. చూసింది చెప్పి, ఆలోచన అడగడం.

సన్నివేశాన్ని హాల్లో కాకుండా వార్డులోనే ఖాళీ మంచం మీద నడిపితే హాల్లో ఎప్పటికీ బయటపడని లోపాలు బయటపడతాయి. సక్షన్ ట్యూబు గోడ పాయింటుకు అందదు. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే మిషను) ప్యాడ్ల గడువు తీరిపోయి ఉంటుంది. ట్రాలీ అరల్లో ఏది ఎక్కడుందో ఇద్దరికే తెలిసి ఉంటుంది. కనబడ్డ ప్రతి లోపానికీ బాధ్యుడి పేరు, తేదీ అక్కడికక్కడే రాయండి.

వార్డులో నడిపేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. సాధనకు వాడిన ఆంప్యూళ్లు, నీళ్లు నింపిన సిరంజిలు, గడువు తీరిన ప్యాడ్లు అసలు ట్రాలీలోకి చేరిపోవడం. సాధన సామాను విడిగా వేరే రంగు పెట్టెలో ఉంచండి, ప్రతి వస్తువు మీదా ‘శిక్షణకు మాత్రమే, రోగికి వాడరాదు’ అని అంటించండి. మొదలుపెట్టే ముందు లెక్కపెట్టండి, అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి. అసలు ట్రాలీ సీలు తెరిచి ఉంటే సన్నివేశం ముగిసిన వెంటనే ఇద్దరు నర్సులు జాబితాతో సరిచూసి కొత్త సీలు వేసి, సీలు నంబరు రిజిస్టరులో రాసేదాకా ఎవరూ అక్కడి నుంచి కదలకూడదు.